కార్నెగీ తీర్చిన ఋణములు

లోకమున గొప్ప ధనవంతుల చరిత్రలు వ్రాయువారు సాధారణముగ ఒకే బాటను నడచుచుందురు. పేదయింట పుట్టెను, కష్టపడెను, పైకి వచ్చెను అని మూడు మాటలలో కథ ముగించి, అంతయు స్వయంకృషియే అని మెచ్చుకొందురు. ఆ మెప్పులో అబద్ధము లేదు. కాని నిజమంతయు లేదు. కొండ యెక్కినవాని కాళ్ల బలమును పొగడి, అతనికి చేయి యిచ్చి పైకి లాగినవారి పేరు చెప్పకుండుట న్యాయము కాదు. అందుచేత మేము ఉక్కు వ్యాపారిగను, గ్రంథాలయ దాతగను ప్రసిద్ధికెక్కిన ఆండ్రూ కార్నెగీ జీవితమును ఈ వ్యాసమున వేరొక విధముగ చెప్పదలచితిమి. అతడు ఎంత సంపాదించెను అను లెక్క కంటె, ఎవరెవరికి ఋణపడెను, వానిలో ఏవి తీర్చెను, ఏది తీర్పలేకపోయెను అను లెక్కయే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగకరమని మా నమ్మకము.

కార్నెగీ 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదీన స్కాట్లండు దేశమునందలి డన్ఫర్మ్‌లిన్ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం చేతిమగ్గముపై నేత నేయువాడు. తల్లి మార్గరెట్ చెప్పులు కుట్టు వృత్తిగల కుటుంబమున పుట్టిన ధైర్యవంతురాలు. చిన్న యింటిలో క్రింద మగ్గము, పైన కాపురము. ఆవిరియంత్రముతో నడచు మగ్గములు వచ్చిన పిమ్మట చేనేతవానికి పని తగ్గెను, కూలి తగ్గెను. తుదకు మగ్గమే అమ్ముకొనవలసిన దశ వచ్చెను. షోలాపురము మొదలు సేలము వరకు మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన తెలుగు బిడ్డలకు ఈ దుఃఖము ఎట్టిదో మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పేదరికమున గూడ బాలునికి ఒక సంపద దొరకెను. తల్లి తోబుట్టువు భర్తయైన జార్జి లాడరు ఆ ఊరిలో దుకాణము నడుపుచుండెను. ఆయన తన కుమారునితోపాటు ఆండ్రూను గూడ దగ్గర కూర్చుండబెట్టుకొని స్కాట్లండు వీరుల కథలు చెప్పెను. ఆ దేశపు కవుల పద్యములు కంఠస్థము చేయించెను. జ్ఞాపకశక్తి, ధారాళముగ మాటలాడు నేర్పు, పుట్టిన దేశముపై అభిమానము ఈ మూడును ఆ దుకాణమునుండియే కార్నెగీకి లభించెను. ఇది మొదటి ఋణము.

1848లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోవ నిశ్చయించెను. మగ్గములు, ఇంటి సామానులు అమ్మినను ఓడ కూలికి ఇరువది పౌనులు తక్కువ పడెను. తల్లి బాల్యస్నేహితురాలైన హెండర్సన్ అను నామె ఆ సొమ్ము అప్పుగ నిచ్చెను. లాడరును, మేనమామయైన మారిసనును ఆ అప్పునకు పూచీ నిలిచిరి. ఈ పూచీ అను మాటను విద్యార్థులు మనస్సున ఉంచుకొనవలెను. కార్నెగీ జీవితమున అది మరల ఒకసారి, మిక్కిలి కఠినమైన వేళ, ఎదురుకాగలదు.

అమెరికాలో ఆ కుటుంబము పిట్స్‌బర్గు పట్టణమునకు నది ఆవలి గట్టుననున్న అలెఘెనీ అను ఊర కాపురముండెను. తండ్రి నేసిన బట్టలకు గిరాకి లేదు. తల్లి రాత్రులు మేలుకొని చెప్పులు కుట్టెను. పదమూడేండ్ల ఆండ్రూ నూలుమిల్లులో కండెలు మార్చు పనికి కుదిరెను. తెల్లవారకమునుపే పోయి, చీకటిపడిన పిదప తిరిగివచ్చు ఆ పనికి వారమునకు 1 డాలరు 20 సెంట్లు కూలి. తరువాత కండెలు చేయు కార్ఖానాదారుడైన జాన్ హే అను స్కాట్లండువాడు అతనిని తన యొద్ద చేర్చుకొని వారమునకు రెండు డాలర్లిచ్చెను. అచ్చట నేలమాళిగలో ఆవిరియంత్రమునకు నిప్పు వేయుట అతని పని. ఆవిరి ఎక్కువయై యంత్రము పగులునేమో, తక్కువయై పని ఆగునేమో అను భయముతో బాలునికి రాత్రులు నిద్రపట్టెడిది కాదు. యజమాని అతని దస్తూరి బాగుండుట గమనించి, అప్పుడప్పుడు లెక్కలు వ్రాయు పనికి కూర్చుండబెట్టెను. ఆ చిన్న మేలుతో బాలునికి ఆశ చిగురించెను. స్నేహితులతో కలసి రాత్రివేళ పోయి జమాఖర్చులు వ్రాయు శాస్త్రము నేర్చుకొనెను.

ఆ దినములలో పిట్స్‌బర్గు తంతి కార్యాలయపు అధికారి డేవిడ్ బ్రూక్సు, కార్నెగీ బంధువైన హోగనుతో ప్రొద్దుపుచ్చుటకు పావుల ఆట ఆడుచుండెడివాడు. వార్తలు పంచుటకు మంచి పిల్లవాడెవడైన దొరకునా అని ఆయన ఒకనాడు ఆట నడుమ అడిగెను. హోగను తడవుకొనక ఆండ్రూ పేరు చెప్పెను. మరునాడు తండ్రి కొడుకును వెంటబెట్టుకొని కార్యాలయపు గడప వరకు నడచివచ్చెను. బాలుడు తండ్రిని క్రిందనే ఉండుమని వేడి, ఒంటరిగ మెట్లెక్కి అధికారిని చూచెను. ఎప్పుడు చేరగలవని అడుగగా, ఈ నిమిషమే అనునట్లు బదులు చెప్పి పనిలో నిలిచెను. వారమునకు రెండున్నర డాలర్లు. ఊరిలోని ప్రతి దుకాణము పేరు, ప్రతి వర్తకుని ముఖము కంఠపాఠము చేసికొనెను. వేకువనే వచ్చి తంతి యంత్రముపై వ్రేలు ఆడించుట అభ్యసించెను. కొలదికాలమునకే, కాగితముపై గీతలు చూడకయే, చప్పుడు విని వార్త గ్రహింపగల కొద్దిమందిలో ఒకడయ్యెను.

ఇచ్చట మేము ఒక పుస్తకాల యింటిని గూర్చి చెప్పవలసియున్నది. అలెఘెనీలో కర్నల్ జేమ్సు ఆండర్సన్ అను సంపన్నుడు నివసించుచుండెను. ఆయన ఇంట సుమారు నాలుగువందల గ్రంథములుండెను. ప్రతి శనివారము పనిపాటలు చేసికొను బాలురు వచ్చి ఒక్కొక్క పుస్తకము తీసికొనిపోయి, మరుసటి శనివారము దానిని తిరిగి యిచ్చి వేరొకటి తీసికొనవచ్చునని ఆయన ప్రకటించెను. వారమంతయు వీధులలో తిరుగు ఆ తంతి బాలునికి శనివారము పండుగయయ్యెను. చరిత్రలు, వ్యాసములు, నాటకములు అన్నియు ఆ యింటినుండి అతనికి చేరెను.

తరువాత ఆ గ్రంథాలయము పెద్దదై, ఊరివారి నిర్వహణమునకు వచ్చినప్పుడు, చేతిపని నేర్చుకొను బాలురకు మాత్రమే ఉచితమనియు, ఇతరులు ఏటికి రెండు డాలర్లు చెల్లింపవలెననియు నిబంధన వచ్చెను. తంతి బాలుడు చేతిపనివాడు కాడుగదా! కార్నెగీ ఊరుకొనలేదు. దాత ఉద్దేశము అది కాదని వాదించుచు 1853లో స్థానిక పత్రికకు లేఖ వ్రాసెను. నిర్వాహకులు బదులు వ్రాసిరి; అతడు మరల వ్రాసెను. తుదకు ద్వారము తెరువబడెను. ఉపకారి చేసిన మేలును ఆయన తలచిన అర్థములోనే నిలుపవలెనని ఉపకారము పొందినవాడే పోరాడుట ఇందలి విశేషము.

ఆ 1853వ సంవత్సరముననే అతని జీవితమును మార్చిన మనుష్యుడు తటస్థపడెను. ఆయన పేరు థామస్ స్కాట్. పెన్సిల్వేనియా రైల్వే కంపెనీలో పశ్చిమభాగమునకు ఆయన అధికారి. తంతి కార్యాలయమునకు వచ్చిపోవుచు ఈ చురుకైన యువకుని చూచి, నెలకు 35 డాలర్ల జీతముతో తన గుమాస్తాగను, తంతి ఉద్యోగిగను నియమించుకొనెను.

స్కాట్ నేర్పిన విద్య పుస్తకములలో దొరకునది కాదు. ఒకనాటి ఉదయము ఒక ప్రమాదము వలన రైళ్లన్నియు ఎచ్చటివచ్చట నిలిచిపోయెను. స్కాట్ కార్యాలయమున లేడు. రైలును కదలించు ఆజ్ఞ నిచ్చు అధికారము ఆయనకు మాత్రమే కలదు. కార్నెగీ సాహసించి, స్కాట్ పేరనే ఆజ్ఞలు పంపి, ఒక్కొక్క బండిని జాగ్రత్తగ నడిపించి దారి చక్కపరచెను. పొరపాటు జరిగియుండిన ఉద్యోగము పోవుటయే కాక, ప్రాణనష్టమునకు కారకుడు అయ్యెడివాడు. స్కాట్ వచ్చి కాగితములన్నియు పరిశీలించి ఒక్క మాటయు అనలేదు, మెచ్చుకొనలేదు, మందలింపలేదు. కాని తరువాత తోటి అధికారులతో ఆ సంగతి ముచ్చటగ చెప్పుకొనెను. అప్పటినుండి ఆ ఆజ్ఞలిచ్చు భారము మెల్లమెల్లగ ఆ యువకునిపై వదలెను. శిష్యుని తప్పులు వెదకక, అతనిపై నమ్మకముంచి బరువు పెంచు గురువు దొరకుట అరుదు.

1856లో స్కాట్ అతనికి మరియొక పాఠము చెప్పెను. ఆడమ్సు ఎక్స్‌ప్రెస్ అను కంపెనీ వాటాలు పది అమ్మకమునకు వచ్చినవనియు, కొనుమనియు సలహా యిచ్చెను. అంతకు ముందు సంవత్సరమే తండ్రి మరణించెను. ఇంట దాచిన ధనము లేదు. స్కాట్ తోడ్పాటుతో సొమ్ము సమకూరెను. తల్లి తమకున్న ఒక్క యింటిని తాకట్టు పెట్టుటకు వెనుదీయలేదు. కొలదిదినములకు పది డాలర్ల లాభాంశము వచ్చెను. ఒడలు వంచి చెమటోడ్చకుండ వచ్చిన మొదటి సొమ్ము అదియే. అయితే రైల్వే అధికారులు తమ కంపెనీతో వ్యవహరించు సంస్థలలో తామే వాటాలు కొనుట ఆనాడు వాడుక. నేటి న్యాయము దానిని హర్షింపదు. ఈ సంగతి దాచుట మాకు ఇష్టము లేదు. మంచి గురువునుండి శిష్యునికి మంచిపాటు కాలపు దోషములు గూడ సంక్రమించును.

1859లో స్కాట్ పై పదవికి పోవుచు, తన స్థానమున 24 ఏండ్ల కార్నెగీని నిలిపెను. సంవత్సరమునకు 1,500 డాలర్ల జీతము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలైనప్పుడు, యుద్ధశాఖలో బాధ్యత వహించిన స్కాట్ తన శిష్యుని వాషింగ్టనుకు పిలిపించి, సేనలకు రైళ్లను, తంతి వార్తలను నడుపు పనిలో నియోగించెను. 1865లో కార్నెగీ ఉద్యోగము విడిచి, ఇనుప వంతెనలు కట్టు వ్యాపారమున పూర్తిగ దిగెను. వాని గిరాకిలో అధికభాగము రైల్వేలదే. ఆ పరిచయములన్నియు స్కాట్ నీడన ఏర్పడినవే.

స్కాటునకు పైయధికారి, ఆ రైల్వే కంపెనీ అధ్యక్షుడు ఎడ్గార్ థామ్సన్. ఆయన గూడ కార్నెగీ యందు విశ్వాసముంచిన పెద్ద. ఇనుప పట్టాలు త్వరగ అరిగిపోవుచున్నవని, ఉక్కు పట్టాలు కావలెనని గ్రహించినవారిలో ఆయన ముందువాడు. ఇంగ్లండున హెన్రీ బెస్సెమర్ కనిపెట్టిన పద్ధతిలో, కరిగిన ఇనుములోనికి గాలి నూది మలినములను మండించి, కొలది నిమిషములలో ఉక్కు చేయవచ్చును. కార్నెగీ ఆ పద్ధతిని స్వయముగ చూచి వచ్చి, పిట్స్‌బర్గు సమీపమున బ్రాడక్ అను చోట పెద్ద కర్మాగారమునకు పూనుకొనెను. దానికి ఎడ్గార్ థామ్సన్ పేరు పెట్టెను. అమెరికా ఉక్కు ఎట్లుండునో అను సందేహముతో ఆ పెద్దమనిషి మొదట వెనుకాడి, తరువాత అంగీకరించెను. 1875లో అచ్చట మొదటి పట్టా తయారయ్యెను. మొదటి బేరము థామ్సన్ నడిపిన ఆ రైల్వే కంపెనీనుండియే, రెండువేల పట్టాలకు వచ్చెను. అప్పటికి థామ్సన్ కీర్తిశేషుడు.

ఇక కఠినమైన భాగమునకు వచ్చితిమి. ఆ కర్మాగారము నిర్మాణములో నుండగనే, 1873లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభము వచ్చెను. బ్యాంకులు మూతపడెను, కార్ఖానాలు ఆగిపోయెను. ఆ సమయమున స్కాట్ టెక్సాసు-పసిఫిక్ అను క్రొత్త రైలుమార్గము వేయుటకు పూనుకొని, కొద్దిగడువు అప్పులు తెచ్చి ఖర్చు చేసియుండెను. గడువు ముగియవచ్చెను. కార్నెగీ గూడ ఇతరులతోపాటు హామీ సంతకము చేసిన యెడల గడువు పొడిగింతుమని అప్పిచ్చినవారు తెలిపిరి. స్కాట్ అతనిని పిలిపించి, సంతకము చేయుమని కోరెను. థామ్సను గూడ చెప్పి చూచెను.

కార్నెగీ ఆ మార్గములో రెండున్నర లక్షల డాలర్ల వాటాలు అదివరకే తీసికొనియుండెను. పూచీకి మాత్రము ఒప్పుకొనలేదు. తన కర్మాగారము సగములో నున్నది. భాగస్వాముల సొత్తు అందు చిక్కుకొనియున్నది. చెల్లింపలేని అప్పునకు సంతకము చేసిన అందరు కలసి మునుగుదురని అతని తలంపు. లెక్కల ననుసరించి చూచిన యెడల అతని నిర్ణయము సరియైనదేయని పలువురు చెప్పుదురు. కాని ఎదుట కూర్చుండినవాడు లెక్కల పుస్తకము కాదు. నెలకు 35 డాలర్ల గుమాస్తాను తన కుర్చీలో కూర్చుండబెట్టిన మనుష్యుడు. ఆ దినముతో వారి వ్యాపారబంధము తెగిపోయెను. స్కాట్ 1874లో రైల్వే కంపెనీకి అధ్యక్షుడై, 1881లో మరణించెను. అంతవరకు తాను పడిన ధనసంబంధమైన ఇక్కట్లన్నిటికంటె ఆ నిరాకరణమే తనకు ఎక్కువ బాధ కలిగించెనని కార్నెగీ తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఇరువది పౌనులకు ఇద్దరు పూచీ నిలువగా సముద్రము దాటివచ్చిన కుటుంబమునందలివాడు, తన గురువునకు పూచీ నిలువలేకపోయెను.

తరువాతి కథ జగమెరిగినదే. అతని ఉక్కు సామ్రాజ్యము పెరిగెను. 1901లో దానిని 48 కోట్ల డాలర్లకు అమ్మివేసి, మిగిలిన జీవితమును దానములకు వినియోగించెను. ధనికుడు తన ధనమును బ్రతికియుండగనే లోకహితమునకు వెచ్చింపవలెనని 1889లోనే వ్యాసము వ్రాసియుండెను. పుట్టిన ఊరైన డన్ఫర్మ్‌లిన్‌లో కట్టించిన గ్రంథాలయమునకు 1881లో తల్లిచేతనే పునాదిరాయి వేయించెను. చిన్ననాడు తన కుటుంబమువారిని లోనికి రానీయని పిటెన్‌క్రీఫ్ అను ఉద్యానమును కొని, ఊరి ప్రజలందరకు ధారపోసెను. ఇంగ్లీషు మాటలాడు దేశములయందును, ఇతర స్థలములందును అతని ధనముతో లేచిన గ్రంథాలయములు రెండువేల ఐదువందలకు పైబడినవి. స్థలము ఊరివారు ఇయ్యవలెను. ఏటేట, తానిచ్చిన మొత్తములో పదవవంతు నిర్వహణకు వారే ఖర్చు పెట్టవలెను. అప్పుడు మాత్రమే భవనమునకు తాను సొమ్మిచ్చును. ఊరివారు తమదిగ భావింపని పుస్తకాలయము నిలువదని అతడెరుగును.

ఈ దానములన్నిటికి వేరు ఎచ్చట నున్నదో అతడు మరచిపోలేదు. ఆండర్సన్ 1861లోనే చనిపోయియుండెను. 1904లో అలెఘెనీ గ్రంథాలయము ఎదుట ఆయనకు స్మారకచిహ్నము నెలకొల్పించెను. అందు ఆండర్సన్ ప్రతిమతోపాటు, దాగలిపై కూర్చుండి పుస్తకము చదువుకొను ఒక శ్రామికుని విగ్రహము కలదు. ఉపకారిని ఉపకారముతోపాటు చూపిన విగ్రహమిది.

అయినను జమ వ్రాసి, ఖర్చు వ్రాయకుండుట మంచి లెక్క కాదు. 1892లో హోమ్‌స్టెడ్ అను చోట అతని కర్మాగారమున కూలి తగ్గింపును గూర్చి సమ్మె జరిగెను. కార్నెగీ అప్పుడు స్కాట్లండున నుండెను. అతని భాగస్వామి ఫ్రిక్ కిరాయి కావలివారిని రప్పింపగా జూలై 6వ తేదీన పోరు జరిగి, ఉభయపక్షముల యందును ప్రాణములు పోయెను. కార్మిక సంఘము విరిగిపోయెను. 1898లో ఆ ఊరికిని అతడు గ్రంథాలయము కట్టించెను. దినమునకు పండ్రెండు గంటలు కొలిమి యెదుట నిలిచినవానికి పుస్తకము పట్టు ఓపిక ఎక్కడిదని ఆనాడే విమర్శ బయలుదేరెను. 1901లో వ్యాపారము అమ్మిన వెంటనే గాయపడిన కార్మికులకును, వృద్ధులైనవారికిని సహాయనిధిగ 40 లక్షల డాలర్లు కేటాయించెను. తన్ను ధనవంతుని చేసిన చేతులలో గురువుల చేతులే కాక, ఆ కూలివారి చేతులు గూడ నున్నవని అతడు ఒప్పుకొనుట అది. ఆ ఒప్పుకోలు కొందరికి ఆలస్యముగ వచ్చెను. 1919 ఆగస్టు 11వ తేదీన కార్నెగీ మరణించునాటికి అతడు దానము చేసిన మొత్తము సుమారు 35 కోట్ల డాలర్లు.

ఈ చరిత్రను మేము తూచి చూచినప్పుడు మాకు తోచినది ఇది. మేలు చేసినవారి ఋణము రెండు విధములు. చనిపోయిన ఆండర్సనునకు పుస్తకములు తిరిగి యియ్యలేము. ఆ ఋణము మన తరువాతివారికి చెల్లింపవలసినదే. కార్నెగీ దానిని వేయింతలుగ చెల్లించెను. దానికి కాలము, స్థలము, మొత్తము అన్నియు తన యిష్టము చొప్పుననే నిర్ణయించుకొనగలిగెను. రెండవది బ్రతికియున్న స్కాటుకు చెల్లింపవలసినది. దాని గడువును నిర్ణయించునది మనము కాదు. మనకు సందు లేనినాడు, మన చేతిలో సొమ్ము చిక్కుకొనియున్ననాడు, ఉపకారి తన కష్టముతో మన గడప ముందు నిలుచును. ఆనాడు ఏమి చేయుట ధర్మమో ముందుగ చెప్పగల పుస్తకము లేదు. సంతకము చేయకుండుటయే న్యాయమైనను, ఆ న్యాయమునకు గూడ వెల కలదని కార్నెగీ జీవితము చెప్పుచున్నది.

పరభాషా ప్రాంతమున తెలుగు చదువుచున్న విద్యార్థులలో ప్రతి ఒక్కరి చేతికి ఎవరో ఒకరు మొదటి తెలుగు పుస్తకము నిచ్చియుందురు. తాతయో, పొరుగింటి పెద్దయో, దుకాణమున కూర్చుండబెట్టుకొని పద్యము నేర్పిన మేనమామయో. వారిలో పలువురు ఇంకను మన కన్నుల యెదుటనే ఉన్నారు. స్మారకచిహ్నము కట్టుటకు ఎప్పుడైన వ్యవధి దొరకును. వారి గడపకు మనమే ముందుగ పోవుటకు మాత్రము వ్యవధి కొద్దిగనే యుండును.